'బుల్లిట్' చిత్రము తిరిగిన వీథులు

2024వ సంవత్సరపు వేసవి సెలవులలో మేము అమెరికాదేశమునకుఁ బోయి, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు సమీపమున నున్న ఫ్రీమాంటు పట్టణములో మా మఱఁది యింట నెలదినము లుంటిమి. ఆ ప్రాంతమున తెలుఁగువారు విస్తారముగాఁ గలరు. సాయంకాలము వాహ్యాళికిఁ బోయినచో వీథి మలుపున తెలుఁగుమాట చెవినిఁ బడును. అంగడిలో గోంగూర దొరకును. ఈ సంగతులు ఇదివఱకు చాలమంది వ్రాసినారు గనుక మేము వ్రాయము. మేము వ్రాయఁదలఁచినది ఒక సినీమానుగూర్చియు, ఆ సినీమాను తీసిన వీథులనుగూర్చియు. గృహిణులకు పోలీసువారి సినీమాతో నేమి ప్రయోజనమని సోదరీమణులు నవ్వవచ్చును. మొదట మాకును అట్లే తోఁచినది.

మావారు ఉన్నతపాఠశాలలో ఇంగ్లీషు చెప్పుదురు. వారు కళాశాలలోఁ జదువునప్పుడు స్నేహితుని యింట 'బుల్లిట్' అను చిత్రమును చూచిరఁట. అందలి కార్ల పరుగును మా వివాహమైనది మొదలు భోజనములవేళ ఎన్నిమాఱులు వర్ణించిరో లెక్కలేదు. కారు కొండవీథి దిగుచు గాలిలోనికి లేచుటను పప్పుగరిటెతో అభినయించి, గోడమీఁది క్యాలెండరును పాడుచేసిన దినమును కలదు. అట్లని మే మా చిత్రమును ఎన్నఁడును చూడలేదు. దానికిఁ గారణము చెప్పవలసియున్నది.

2011వ సంవత్సరమున మా తమ్ముఁడు స్నేహితులతోఁ గూడి గుంటూరినుండి విజయవాడకు కారులోఁ బోవుచు తిరిగిరాలేదు. వాఁడు వెనుకసీటున కూర్చుండెను. వేగము కారణమని కొందఱును, బెల్టు కట్టుకొనలేదని కొందఱును అనిరి. ఆ రెండును నిజమే. ఆనాఁటినుండి తెరమీఁద కార్లు ఒకదానినొకటి తఱుముచున్నచో మేము లేచి వంటయింటిలోనికిఁ బోవుదుము. మావారు ఎఱుఁగుదురు గనుక పిలువరు.

ఫ్రీమాంటులో ఈ నియమము చెల్లలేదు. మా మఱఁదికి పదునాఱేండ్ల కుమారుఁడు గలఁడు. ఇచట చిరంజీవి అని వ్రాసెదము. ఆ రాష్ట్రమున పదునైదున్నర యేండ్లకే కారు నేర్చుకొనుటకు అనుమతిపత్ర మిత్తురు. ఇరువదియైదేండ్లు నిండి, లైసెన్సుగలవారు ప్రక్కన కూర్చుండినఁగాని నడుపరాదు. పదునాఱేండ్లు నిండినపిమ్మట పరీక్షలో నెగ్గినచో లైసెన్సు వచ్చును. అదియు మొదటి యేఁడు అర్ధసంపూర్ణము. రాత్రి 11 గంటలు మొదలు వేకువ 5 గంటలవఱకు ఒంటరిగా నడుపరాదు. ఇరువదియేండ్లు నిండని స్నేహితులను పెద్దల తోడు లేక ఎక్కించుకొనరాదు. చిరంజీవి పరీక్షకు పది దినము లున్నవి. పెదతండ్రియు, అతఁడును ఆ చిత్రమునుగూర్చి మాటలాడి మాటలాడి, ఆదివారమునాఁడు ఆ వీథులన్నియు తిరిగి రావలెననియు, నగరములో చిరంజీవియే నడుపవలెననియు నిశ్చయించిరి.

శనివారము రాత్రి మా తోడికోడలు పాలు కాఁచుచు మెల్లఁగా నిట్లనెను: "అక్కయ్యా, రేపు వాడెట్లా నడుపుతాడో మీరు చూసి నాకు నిజం చెప్పండి. వాళ్ల నాన్న ఎప్పుడూ బాగానే నడుపుతున్నాడంటారు. బావగారు సరేసరి. మీరు చెబితే నేను నమ్ముతాను. వాణ్ణి పరీక్షకు పంపనా, మాననా?" ఆమెకు మా తమ్ముని సంగతి తెలియును. అందుచేతనే మమ్ము అడిగినదని గ్రహించితిమి. ఇఁక వంటయింటిలో దాఁగుటకు వీలులేక, ఆ రాత్రి అందఱితోపాటు కూర్చుండి చిత్రమును చూచితిమి.

చిత్రము 1968వ సంవత్సరము అక్టోబరులో విడుదలయ్యెను. రాబర్టు ఎల్. ఫిష్ అను రచయిత మాఱుపేరుతో 1963లో ప్రకటించిన 'మ్యూట్ విట్‌నెస్' అను నవల దీనికి మూలము. దర్శకుఁడు పీటరు యేట్సు ఆంగ్లేయుఁడు. అంతకు ముందటి యేఁడు 'రాబరీ' అను చిత్రములో లండను వీథులలో కార్ల పరుగు తీసి పేరుపొందినవాఁడు. కథానాయకుఁడు స్టీవ్ మెక్వీన్. అతఁ డందు శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసు శాఖలో లెఫ్టినెంటు. పేరు ఫ్రాంక్ బుల్లిట్. చామర్సు అను రాజకీయనాయకుఁడు ఒక సాక్షిని తెచ్చి, సోమవారము విచారణసభకు వచ్చువఱకు వానిని కాపాడుమని యతనికి అప్పగించును. హోటలుగదిలో నా సాక్షి తానే తలుపు గొలుసు తీసివేయును. హంతకులు వచ్చి వానిని, కావలియున్న పోలీసువానిని కాల్తురు. సాక్షి ఆస్పత్రిలో మరణించును. బుల్లిట్ ఆ మరణమును దాఁచిపెట్టి హంతకులకై వెదకును. తుదకు చచ్చినవాఁడు అసలు సాక్షియే కాఁడని తేలును. కథలో ముడులు కొన్ని మాకు విడిపోలేదు. మావారికి ముప్పదియేండ్లుగా విడిపోలేదఁట. అయినను వారికి దానితో నిమిత్తము లేదు.

ఆ చిత్రములో మమ్ము ఆకర్షించినవి మావారు ఎన్నఁడును చెప్పని సంగతులు. బుల్లిట్ యింటి ఎదుటి అంగడిలోనికిఁ బోయి, గడ్డకట్టించిన భోజనపుఁ బెట్టెలను పేరైన చూడక ఒకదానిమీఁద నొకటి దొంతరగాఁ దీసికొనును. వంటచేసి పెట్టువారు లేని మగవాని బ్రదుకు ఆ దొంతరలోఁ దెలిసిపోవును. చిల్లర లేక వార్తాపత్రికను ఊరక లాగికొనును. పోలీసు అధికారి చేయఁదగిన పని కాదు. ఆస్పత్రి ఘట్టములో నిజమైన వైద్యులును, దాదులును పని చేయుచు కనఁబడుదురు. అందుచేతనే కాఁబోలు అచట తొందర యున్నను హడావుడి లేదు.

ఇఁక కార్ల పరుగు. బుల్లిట్ నడుపునది పచ్చని ఫోర్డు మస్టాంగు. హంతకులది నల్లని డాడ్జి చార్జరు. మొదట హంతకులే యతనిని వెంబడింతురు. పిమ్మట వారి అద్దములో హఠాత్తుగా మస్టాంగు ప్రత్యక్షమగును. వేఁటకాఁడే వేఁట యైనాఁడు. సంగీతమును లాలో షిఫ్రిన్ సమకూర్చెను. ఆ పాటకూడ పరుగు ఆరంభము కాఁగానే నిలిచిపోవును. అటుపిమ్మట సుమారు పది పదునొకండు నిమిషములు మాటలేదు, పాటలేదు. యంత్రముల రొదయు, టైర్ల కేకయు మాత్రమే. ఆ రొద ఆరంభమగుటకు సరిగా ముందొక చిన్న సంగతి జరుగును. కారు నడుపు హంతకుఁడు సావధానముగా సీటుబెల్టు బిగించుకొనును. టక్కుమని చప్పుడగును.

మేము ఉలికిపడితిమి. అమెరికాలో 1968వ సంవత్సరము జనవరినుండి క్రొత్తకార్లన్నిటిలో బెల్టు లుండవలెనని శాసనము. అంతే, అందు వింతయేమియు లేదు. అయినను ఒకరిని చంపి, ఇంకొకరిని చంపఁబోవువాఁడు తన ప్రాణమును అంత జాగ్రత్తగాఁ గాపాడుకొనుట చూడఁగా మాకు కన్నులు చెమర్చినవి. చిరంజీవి మావైపు చూచి, బొమ్మను ఆపవలెనా యని అడిగెను. వలదని చెప్పి తుదివఱకు చూచితిమి.

భారతములో నలుఁడు బాహుకుఁడను పేర ఋతుపర్ణుని రథము తోలుట చదివినవారికి ఒక సంగతి జ్ఞాపకముండును. రాజుగారి ఉత్తరీయము జాఱిపడఁగా రథము నాపుమని యనును. అది అప్పటికే యోజనము వెనుకఁ బడిపోయినదని బాహుకుఁడు చెప్పును. వేగమును చూపుటకు ఇంతకంటె చక్కని యుపాయము లేదని మేము చిన్ననాఁడు పురాణము చదువునప్పుడు అనుకొంటిమి. ఈ చిత్రములో జాఱిపడునవి చార్జరు చక్రములకుఁ గల లోహపుమూఁతలు. నాలుగు చక్రములకు నాలుగు మూఁతలే కదా! అవి ఊడిపడుట లెక్కించినచో నాలుగింటికి మించును. ఒక పచ్చని ఫోక్స్‌వ్యాగను కారు, దానిని దాఁటిపోయిన పిమ్మటను మఱల మఱల ఎదురగును. ఒకే పరుగును పలు కెమెరాలతోను, పలుమాఱులును తీసి అతికించినందున వచ్చిన తప్పు లివి. అయినను ఆ యతుకునకే, అనఁగా కూర్పునకే, ఫ్రాంక్ పి. కెల్లరునకు అకాడమీ బహుమానము వచ్చినది. మా తోడికోడలు మూఁతలు లెక్కించి నవ్వినది. ఆమె నవ్వుట ఆ రాత్రి అదియొక్కమాఱే.

ఆదివారము వేకువననే బయలుదేఱితిమి. నగరమువఱకు మా మఱఁది నడిపెను. జూను మాసమైనను నగరముమీఁద మంచు దట్టముగాఁ గప్పియుండెను. సముద్రమునుండి వచ్చు ఈ మంచువలన అచట వేసవి మన మాఘమాసమువలె నుండును. శాలువ తెచ్చుకొన్నందుకు సంతసించితిమి. సీజరు చావెజు వీథిలో, పెద్దరస్తా వంతెన దగ్గఱ, కారు నిలిపి తండ్రికొడుకులు స్థానములు మార్చుకొనిరి. చిత్రములో పరుగు మొదలగునది ఇచటనే. నాఁ డీ వీథికి ఆర్మీవీథి యని పేరు, 1995లో మార్చిరి. మావారును మేమును వెనుక కూర్చుంటిమి. బెల్టును రెండుమాఱులు లాగి చూచుకొంటిమి.

అచటినుండి బెర్నలు కొండప్రక్కను, పొట్రేరో కొండవీథులను మెల్లఁగాఁ దిరిగితిమి. చిత్రములో కార్లు పొట్రేరోలో మలుపు తిరిగి ఱెప్పపాటులో ఉత్తరమునఁ గల రష్యన్‌కొండమీఁదఁ దేలును. మాకు ఇరువదినిమిషములు పట్టినది; దారిలో ఎఱుపు దీపము లన్నిటికిని ఆఁగితిమి. మావారు ఇది చిత్రమునందలి మోసమని యంగీకరింపరు. ఋతుపర్ణుఁడు ఒక్కదినములో అయోధ్యనుండి విదర్భకుఁ బోలేదా యని వాదింతురు.

టేలరువీథియు క్లేవీథియు కలియు మూల బుల్లిట్ ఇల్లున్నది. భోజనపుఁ బెట్టెల యంగడి దానికెదురుమూల. కొంచెము దక్షిణముగాఁ బోయినచో గ్రేసు కెథెడ్రలు. ఈ మూలకు సినీమాకంటె పెద్ద చరిత్ర గలదని మాకు అచట తెలిసినది. ఆండ్రూ హాలిడీ యనునాతఁడు 1873వ సంవత్సరము ఆగష్టులో ప్రపంచమున మొదటి కేబులుకారును నడిపినది ఈ క్లేవీథిలోనే. వీథి నడుమ నేలక్రింద ఇనుపత్రాడు ఎడతెగక పరుగెత్తుచుండును. బండివాఁడు పట్టకారుతో ఆ త్రాటిని పట్టిన బండి కదలును, విడిచిన నిలుచును. తడిసిన యేటవాలుమీఁద గుఱ్ఱములు జాఱిపడి ఈడ్వఁబడుట చూచి హాలిడీ ఈ యంత్రమును తలపెట్టెనని చెప్పుదురు. ఈ కొండలు గుఱ్ఱములను చంపినవి. ఇచట వేగము వినోద మగుటకు ముందు ప్రాణసంకట మయ్యెను.

ఈ కేబులుకార్లను కాపాడినవారు స్త్రీ లని చెప్పకున్న మా మనస్సు నిలువదు. 1947లో నగరాధ్యక్షుఁడు వీనిని తీసివేసి బస్సులను పెట్టఁబోఁగా, ఫ్రీడెలు క్లుస్‌మన్ అను నామె స్త్రీసంఘములను గూర్చి ఒక సమితి యేర్పఱచి, ఆ సంవత్సరమే ప్రజల యోట్లతో దాని నాపించినది. 1986లో ఆమె మరణించినప్పుడు కేబులుకార్లకు నల్లనిబట్ట కట్టిరఁట. క్లేవీథిమార్గము 1942లోనే పోయినది గాని ఇప్పటికిని మూఁడు మార్గములు నడచుచున్నవి. మేము పవెలువీథిలో ఒకదాని నెక్కితిమి. గుడి గంటవలె గంట కొట్టుచు కొండ నెక్కినది. చిరంజీవికి విసుగు, మాకు ఆనందము.

మఱల కారెక్కి టేలరువీథిని ఉత్తరముగాఁ బోయితిమి. సోదరీమణులకు ఆ వీథియాకారమును చెప్పవలెను. కొండను చుట్టివచ్చు ఘాటురోడ్డువంటిది కాదు. కాగితముమీఁద గళ్లు గీచినట్లు తిన్నని వీథులను కొండ నెత్తిమీఁదినుండి అటు నుండి యిటు గీచిరి. నేల నిలువుగా దిగును. అడ్డువీథి వచ్చినచోట నాలుగుబారలు చదునుగా నుండును. మఱల నిలువుగా దిగును. పెద్ద దేవాలయపు కోనేటి మెట్లను తలఁచుకొన్నఁ జాలును. మెల్లఁగాఁ బోవువారికి చదునైనచోటు విశ్రాంతి. వేగముగా వచ్చినచో ఆ చదునంచునుండి ముందుచక్రములు నేలను విడుచును. క్రింది వాలుమీఁద కారు దఢాలునఁ బడును. చిత్రములో కార్లు గాలిలోనికి లేచుటకు మర్మ మిదియే. రెక్క లేమియులేవు. చట్రములను, క్రింది స్ప్రింగులను గట్టిపఱచి, వీథిని మూసి, నిపుణులచేత నడిపించిరి. చార్జరును బిల్ హిక్మన్ నడిపెను. బెల్టు కట్టుకొన్న హంతకుఁడతఁడే. మెక్వీన్ స్వయముగా పందెపుఁ గార్లు నడిపినవాఁడు. అయినను అపాయకరమైన దూఁకుళ్లు చాలభాగము బడ్ ఎకిన్సు, లోరెన్ జేన్సు అనువా రతనికి బదులు చేసిరి. కారులోని అద్దమునందు మెక్వీన్ ముఖము కనఁబడిన అతఁడే నడుపుచున్నాఁడనియు, అద్దము మీఁదికెత్తియున్నచో వేఱొకఁడనియు గుర్తు. తరువాత కొండదారిలో మోటారుసైకిలుతో పడిపోవువాఁడును ఎకిన్సే. ఆ యేర్పాట్లకు మూఁడువారములు పట్టినది. వేగము గంటకు 110 మైళ్లు, అనఁగా సుమారు 177 కిలోమీటర్లు, దాఁటినదని చెప్పుదురు.

ఇవన్నియు కారులో మావారే చెప్పుచుండిరి. ఫిల్బర్టువీథి మూల సమీపింపఁగానే వారు ముందుకు వంగి, "ఇక్కడే! ఇక్కడే ఎగిరింది!" అని కేకవేసిరి. చిరంజీవి కాలు తొందరపడినది. ఎంత మాత్రమనఁగా, కడుపులో ఒక్కమాఱు తేలినట్లయినది; అంతే. అచట నాలుగు వైపులను 'ఆఁగుము' అను ఎఱ్ఱపలక లున్నవి. ఆ మంచులో ఒక వృద్ధురాలు, చీనాస్త్రీ, చేతిసంచితో వీథి దాఁటుటకు ఒక కాలు క్రిందఁ బెట్టినది. మా మఱఁది "ఆపు!" అనులోఁగానే కారు నిలిచినది, గీత మీఱి రెండడుగులు ముందునకు వచ్చి నిలిచినది. ఆ ముసలామె పెట్టిన కాలిని వెనుకకుఁ దీసికొని, మమ్ము చూచి, చేయెత్తి, తాపీగా దాఁటిపోయినది. తిట్టలేదు. తిట్టినచో బాగుండు ననిపించినది.

కారులో ఎవరును మాటలాడలేదు. చిరంజీవి అడ్డువీథిలోనికి త్రిప్పి, ప్రక్కగా నిలిపి, ముందుచక్రములను గట్టువైపునకు మలిచెను. ఆ నగరమున వాలువీథిలో నిలుపువారు అట్లు మలపవలెనని నిబంధన. బ్రేకు విడిపోయినను కారు గట్టును తన్నుకొని నిలుచునే గాని పల్లమునకుఁ బరుగెత్తదు. వాఁడు చేతులు వణఁకుచున్నను ఆ సంగతి మఱవలేదు. మావారు, "తప్పు నాదిరా, వాడిని నేనే కదా ఉసిగొల్పింది" అని తమ్మునితో ననిరి. మఱఁది యేమియు ననలేదు. తండ్రి నడుపవలెనని చిరంజీవి దిగఁబోయెను. "దిగకు. కాసేపు కూర్చుని, మళ్లీ నువ్వే నడుపు" అని మా మఱఁది చెప్పెను. అది మంచిపని యగునో కాదో మాకు అప్పుడు తెలియలేదు.

పదినిమిషములు అచట నుంటిమి. మాకు గత రాత్రి చూచిన చిత్రములో ఒక ఘట్టము మెదలినది. పరుగు ముగిసి, చార్జరు పెట్రోలు బంకులోనికి దూసికొనిపోయి హంతకులు కాలిపోయిన పిమ్మట, బుల్లిట్‌కు కారు లేదు. అతని స్నేహితురాలు క్యాథీ, జాక్వెలీన్ బిస్సెట్ ధరించిన పాత్ర, తన చిన్నకారులో అతనిని కూర్చుండఁబెట్టుకొని నడుపుకొనిపోవును. కార్ల చిత్రమని పేరుపొందిన దానిలో ఆ ఆఁడుదాని కారు పరుగెత్తదు, గమ్యమునకుఁ జేర్చును. అచట ఆమె గొంతు నులిమి చంపఁబడిన స్త్రీని చూచును. తిరిగివచ్చుచు దారిప్రక్క నిలిపి, నిత్యము ఈ హింసనడుమ నుండి నీ మనస్సు మొద్దుపాఱలేదా, మన గతి యేమగునని అతని నడుగును. అతఁడు సరియైన యుత్తరము చెప్పలేఁడు. మావారు ముప్పదియేండ్లలో ఈ ఘట్టమును ఒక్కమాఱైన చెప్పలేదు. ఎందుకని యచటనే అడిగితిమి. "నాకు అది గుర్తే లేదు" అనిరి. ఆ మాట నిజమని ముఖము చూచి నమ్మితిమి.

అటుపిమ్మట లార్కినువీథియు చెస్టునట్టువీథియు కలియు మూలకుఁ బోయితిమి. చార్జరు అదుపుతప్పి కెమెరానే కొట్టిన చోటది. ఆ దెబ్బనుకూడ చిత్రములో నుంచిరి. మఱియొక చోట మెక్వీన్ మలుపు మీఱిపోయి, టైర్లు పొగలు చిమ్మఁగా వెనుకకు వచ్చును. అదియు నిజమైన పొరపాటే. చిరంజీవి ఈ సంగతులు విని మొదటిమాఱు నోరు విప్పి, "అయితే ఆయన కూడా తప్పు చేశాడన్నమాట" అనెను. తండ్రి "ఆయనకు వీథి మూసి ఇచ్చారు" అనెను.

మెరీనా తీరమున బంగారుద్వారపు వంతెన మంచులో సగము కనఁబడినది. చిత్రమువారు ఆ వంతెనమీఁదఁ గూడ పరుగు తీయఁగోరిరి గాని అనుమతి దొరకలేదు. అది మంచిదే యయినది. రేవు ప్రక్క, సాక్షిని దాఁచిన హోటలు కిటికీలోనుండి కనఁబడు రెండంతస్తుల పెద్దరస్తా ఇప్పుడు లేదు. 1989 అక్టోబరు భూకంపములో దెబ్బతినఁగా 1991లో పడఁగొట్టిరి. దాని స్థానమున తాటిచెట్లవంటి చెట్లును, కాలినడకవారును ఉన్నారు. చెప్పినఁగాని ఎవరును నమ్మరు.

వాస్తవముగా పోలీసులు కార్లను వెంటాడుటను గూర్చియు ఆ నగరమున వాదము జరిగినది. పూర్వము దారుణనేరము చేసినవారిని పట్టుటకే వెంటాడవలెనని కట్టుబాటుండెను. 2024 మార్చిలో నగరవాసులు 'ప్రపోజిషను ఇ' అను దానిని ఓట్లతో నెగ్గించి, మునుపటికంటె విరివిగా వెంటాడుటకు పోలీసులకు వీలు కలిగించిరి. దొంగలు కారెక్కి తప్పించుకొనుచున్నారని అనుకూలుర వాదము. దారినిఁబోవు నిరపరాధి క్రింద పడునని ప్రతికూలుర వాదము. నిన్నరాత్రి మేము చూచిన చిత్రములో బుల్లిట్ తన సొంతకారులో, గంట మ్రోగింపక, పట్టపగలు ఊరినడుమ నట్లు నడుపును. దారినిఁ బోవు ముసలామె యొక్కతెయు ఆ చిత్రములో అడ్డము రాదు. వీథులు మూసి తీసినందున రాలేదు. మేము ఓటరులము కాము గనుక ఇంతకంటె చెప్పము.

తుదకు దక్షిణముగాఁ బోయి శాన్‌బ్రూనో కొండలోని గ్వాడలూపు కాన్యను దారిని చేరితిమి. పరుగు ముగియునది ఆ దారిలో. ఇరుప్రక్కల ఎండిన గడ్డి. ఊరి రొద లేదు. మాకు కోటప్పకొండ దారి జ్ఞాపకము వచ్చినది. చిరంజీవి అచట గీత తప్పక, వేగపు హద్దు మీఱక, తండ్రి చెప్పకుండనే వెనుకవారికి దారి యిచ్చుచు నడిపెను. మావారు ఒక్కమాటైన ఆడలేదు. ఎడమచేతివైపు క్రింద విమానాశ్రయము కనఁబడినది. చిత్రము తుదిఘట్టము అచటిదే. రాత్రివేళ, కదలుచున్న పెద్ద విమానముక్రింద మెక్వీన్ నేలకు కరచుకొని పడుకొనును. ఆ పిమ్మట తెల్లవాఱుజామున ఇల్లు చేరి, నిద్రించుచున్న క్యాథీని చూచి, తుపాకి తీసిపెట్టి, చేతులు కడుగుకొని, అద్దములోఁ దన ముఖమును చూచుకొనును. అంతటితో చిత్రము ముగియును.

ఆ పచ్చని మస్టాంగు కథ దారిలో మా మఱఁది చెప్పెను. ఒక సామాన్యగృహస్థుఁడు 1974లో దానిని కొనెనఁట. ఆయన భార్య ఉపాధ్యాయిని. ఆ కారులోనే పాఠశాలకుఁ బోయివచ్చుచుండెడిదఁట. 1977లో మెక్వీన్ తనకు తిరిగి యమ్ముమని జాబు వ్రాసినను వా రీయలేదు. 2020 జనవరిలో వేలమున అది 34 లక్షల డాలర్లకు పోయినది. పిల్లల కాపీపుస్తకములు వెనుకసీటున వేసికొని ఆమె ప్రతిదినము పాఠశాలకుఁ బోయిన కార దని తలఁచుకొన్నప్పుడు మాత్రమే మాకు ఆ కారుపై ప్రేమ కలిగినది.

ఇల్లు చేరునప్పటికి మా తోడికోడలు వాకిట నిలిచియున్నది. ఆ సాయంకాలము పెరటిలో మమ్ము నిలిపి అడిగినది. మార్గమంతయు ఈ ప్రశ్నకే వెఱచితిమి. ముసలామె సంగతి దాఁచినచో ఇంట శాంతి. చెప్పినచో చిరంజీవికి మేము పగవారము. మఱఁదియు మావారును ఆ సంగతి యెత్తలేదు. మేము అంతయు చెప్పితిమి: కాలు తొందరపడుట, గీత మీఱుట, ఆ పిమ్మట చక్రములు మలపుట, చేతులు వణఁకుట, కొండదారిలో చక్కఁగా నడుపుట, ఏదియు విడువక. "మీరైతే ఏం చేస్తారు?" అని యడిగినది. "నెలరోజులు ఆపుతాను. కాని రోజూ నడపనిస్తాను" అంటిమి. ఆమె మఱునాఁడే పరీక్షతేదీని వెనుకకు జరిపినది.

చిరంజీవి రెండుదినములు మాతో మాటలాడలేదు. పెద్దమ్మయే చెప్పినదని తెలిసినది. అన్నము వడ్డించిన "చాలు" అనును, అంతే. మూఁడవనాఁటి ఉదయము మేము లివర్‌మోరు శివవిష్ణుదేవాలయమునకుఁ బోవుటకు సిద్ధమగుచుండఁగా వంటయింటి గడపదగ్గఱకు వచ్చి నిలిచెను. తల్లి చెప్పియుండును.

"పెద్దమ్మా, మామయ్య కారులో ఎక్కడ కూర్చున్నాడు?"

"వెనకసీట్లో నాయనా, ఎడమపక్క."

ఇంకేమియు నడుగక తండ్రియొద్ద తాళపుచెవి తీసికొని పోయెను. మేము పోయి వెనుకసీటున ఎడమప్రక్కనే కూర్చుంటిమి. మఱఁది వానిప్రక్కఁ గూర్చుండెను. చిరంజీవి అద్దము సవరించుకొని అందులో మావైపు చూచుచుండెను. మా బెల్టు టక్కుమన్న పిమ్మటఁ గాని వాఁడు బండిని కదలింపలేదు.